ఎవరి ఆసుపత్రి అనుభవం?

నీట్ ఫలితాలు వచ్చినప్పుడల్లా ఒక వాదన వినబడుతుంది. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండేళ్ళు బందీలుగా గడిపి, పుస్తకాలు బట్టీపట్టి, 180 ప్రశ్నలకు జవాబులు గుర్తుపెట్టి వచ్చిన పిల్లలు రేపు డాక్టర్లవుతున్నారు. వీళ్ళలో చాలామంది ఒక్క రోగి చెయ్యయినా పట్టుకుని చూసినవాళ్ళు కారు అని. ఈ మాటలో అబద్ధం లేదు. ఫిజిక్సుకు 45, కెమిస్ట్రీకి 45, బయాలజీకి 90 ప్రశ్నలు, మొత్తం 720 మార్కులు. అందులో ఒక్క మార్కు కూడా రోగి పక్కన నిలబడటానికి సంబంధించింది కాదు. దీనికి విరుగుడుగా ఒక సలహా చెబుతారు. ఇంగ్లండులో, అమెరికాలో మాదిరి, మెడిసిన్‌లో చేరాలనుకునే విద్యార్థి ముందే కొన్నాళ్ళు ఆసుపత్రిలో గడపాలి, ఆ పని అనుభవాన్ని సీటు ఇచ్చేటప్పుడు లెక్కలోకి తీసుకోవాలి అంటారు.

చెప్పేవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. దాన్ని కొట్టిపారెయ్యాలని మేము కూచోలేదు. 'అనుభవం' అనే ఆ మాటను పట్టుకుని, దాని లోపల ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అని చూడాలన్నదే మా ఉద్దేశం. 'ప్రతిభ' అనే మాటను ఇట్లాగే విప్పి చూసిన తరువాతే గదా మనకు దాని లోపలి కులం కనబడింది.

ముందు వాళ్ళు ఆదర్శంగా చూపించే దేశం సంగతి చూద్దాం. ఇంగ్లండులో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టుకునే ముందు ఏదైనా ఆసుపత్రిలోనో, కుటుంబ వైద్యుడి దగ్గరో కొద్దిరోజులు పక్కనుండి పని చూస్తారు. రోగికి మందివ్వరు, సూది వెయ్యరు. డాక్టరు వెనక నడుస్తారు, చూస్తారు, వింటారు. ఆ చూసినదాన్నించి ఏం నేర్చుకున్నారో తరువాత ఇంటర్వ్యూలో చెబుతారు. ఈ పని ఎట్లా ఉంటుందో, దాంట్లో ఎంత అలసట, ఎంత చావు ఉంటుందో తెలిసే వస్తున్నారా అని కనుక్కోవడం దీని ఉద్దేశం. ఉద్దేశం వరకూ బాగుంది. కానీ ఆ నాలుగు రోజుల చోటు ఎవరికి దొరుకుతుంది? తండ్రో, మేనమామో డాక్టరుగా ఉన్నవాడికి ఒక్క ఫోను మాటతో దొరుకుతుంది. దుకాణంలో పనిచేసే తల్లి బిడ్డ ఉత్తరం రాసి, జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూస్తుంది. ఇది మా ఊహ కాదు. బ్రిటన్‌లోని వైద్య కళాశాలల మండలి 2014లో వెలువరించిన నివేదికే, మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టేవాళ్ళలో 80 శాతం మంది 20 శాతం బడుల నుంచే వస్తున్నారని చెప్పింది. దాదాపు సగం బడుల నుంచి కొన్నేళ్ళపాటు ఒక్క దరఖాస్తు కూడా రాలేదని కూడా ఒప్పుకుంది. పని అనుభవం ఒక్కటే దీనికి కారణమని మేమనం. అయితే ఆ బడులకూ ఈ ఆసుపత్రులకూ మధ్య నిలబడ్డ గోడల్లో అదీ ఒకటి.

అక్కడి తెలుగు డాక్టర్ల కుటుంబాల్లో ఈ సంగతి అందరికీ తెలుసు. వాళ్ళ పిల్లలకు ఆసుపత్రి చూడటం ఒక సమస్యే కాదు. అక్కడ కుదరకపోతే వేసవి సెలవుల్లో హైదరాబాదులోనో, గుంటూరులోనో బాబాయి నర్సింగ్ హోం ఉంటుంది. అమెరికాలో పరిస్థితి ఇంకా ముదిరింది. అక్కడ చదువు మొదలుకాని విద్యార్థులు పేద దేశాలకు వెళ్ళి, తమ దేశంలో ముట్టుకోనివ్వని పనులు అక్కడి పేదల శరీరాల మీద చెయ్యడం మొదలయ్యేసరికి, అట్లా చెయ్యొద్దని అమెరికా వైద్య కళాశాలల సంఘం 2011లో మార్గదర్శకాలు రాయాల్సి వచ్చింది. అనుభవం ఎవరిదో, అందుకు నలిగే ఒళ్ళు ఎవరిదో మనకు వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఇంగ్లండు నుంచి మనం గమనించవలసిన విషయం ఒకటుంది. పై సలహా ఇచ్చేవాళ్ళు మాత్రం దాన్ని వదిలేస్తారు. అదే వైద్య కళాశాలల మండలి, విమర్శలు వచ్చాక, అనుభవం అంటే ఆసుపత్రిలో డాక్టరు వెనక నడవడమే కానక్కర్లేదని మార్గదర్శకాల్లో రాసింది. వృద్ధుల సంరక్షణ గృహంలో పనిచేసినా లెక్కే. ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్ళకు చాకిరీ చేసినా లెక్కే. జనంతో వ్యవహరించే కూలిపనైనా లెక్కే. ఏం చూశావన్నదాని కంటే దాన్నించి ఏం నేర్చుకున్నావన్నదే ముఖ్యం అంటుంది. 2020లో కోవిడ్ వచ్చి ఆసుపత్రుల తలుపులు మూతపడ్డప్పుడు, డబ్బు తీసుకోకుండా ఇంటి నుంచే చూసి నేర్చుకునే పాఠాలు తయారుచేసిన కళాశాలలు కూడా ఉన్నాయి. అమలు ఎంతవరకూ అన్నది వేరే చర్చ. రాతలో మాత్రం ఇది పెద్ద మార్పు.

ముసలివాళ్ళకు స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం, మలమూత్రాలు ఎత్తడం, అన్నం తినిపించడం - సంరక్షణ గృహంలో పని అంటే ఇదే. ఇంగ్లండులో పదిహేడేళ్ళ పిల్ల ఇది చేసి, డాక్టరు కావడానికి తన యోగ్యతగా దరఖాస్తులో రాసుకుంటుంది. అదే పని మన జిల్లా ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళుగా చేస్తున్న ఆయా కూతురు ఆ సంగతి ఎక్కడ రాసుకుంటుంది? రాసుకోదు. దాచుకుంటుంది. తల్లి ఊడ్చే ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీలోనే సీటు వచ్చిందనుకోండి, వరండాలో తల్లి ఎదురైతే ఎట్లా పలకరించాలా అన్న బెంగతో మొదటి సంవత్సరం గడుస్తుంది. అక్కడ యోగ్యత అయిన పని ఇక్కడ కులమైంది. మొత్తం చర్చలో మాకు అతి ముఖ్యమని తోచింది ఇదే.

మన ఆసుపత్రుల్లో పని ఎట్లా పంచబడి ఉందో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. ఏ పెద్దాసుపత్రికైనా వెళ్ళండి. పైన డాక్టర్లు. తరువాత నర్సులు. కోస్తాలో క్రైస్తవ మిషన్ ఆసుపత్రులు పెట్టిన శిక్షణ వల్ల ఈ వృత్తిలోకి మాల మాదిగ ఆడవాళ్ళు మొదటి తరాల్లోనే వచ్చారు. పరాయి మగవాళ్ళ ఒంటిని తాకే పని అని అగ్రకులాలు తమ ఆడవాళ్ళను పంపకపోవడం వల్ల దొరికిన సందు అది. కింద ఆయాలు, వార్డుబాయిలు, స్వీపర్లు. విశాఖపట్నం వైపు రెల్లి, హైదరాబాదులో మెహతర్, మిగతా చోట్ల ఎక్కువగా మాదిగ, మాల. పర్మనెంటు ఉద్యోగాలు పోయి కాంట్రాక్టు పద్ధతి వచ్చాక ఏజెన్సీ బోర్డు మారింది గానీ చీపురు పట్టిన కులం మారలేదు. అన్నిటికంటే కింద, ఊరికి వెలివాడ ఉన్నట్టు ఆసుపత్రికి వెనక మూలన, శవాల గది.

శవపంచనామా తరువాత పోస్టుమార్టం చెయ్యవలసింది చట్టప్రకారం డాక్టరు. చాలాచోట్ల జరిగేది వేరు. డాక్టరు కొంచెం దూరంలో నిలబడతాడు, రాసుకుంటాడు. ఒళ్ళు కోసేదీ, ఉలీ సుత్తీ పట్టి పుర్రె తెరిచేదీ, అవయవాలు తీసి చూపించేదీ, మళ్ళీ కుట్టి, కడిగి, బంధువులకు అప్పజెప్పేదీ మార్చురీలో పనిచేసే దళితుడు. ఏళ్ళ తరబడి చేసిన చేతికి ఎక్కడ కొయ్యాలో, నీళ్ళలో పడి చచ్చినవాడి ఊపిరితిత్తి ఎట్లా ఉంటుందో, ఉరికీ గొంతు పిసకడానికీ మెడ మీద తేడా ఎట్లా తెలుస్తుందో తెలుసు. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్‌కు పక్కనుండి అందించేది అతనే. కానీ రిపోర్టులో అతని పేరుండదు. కోర్టు పిలిచేది డాక్టరును. ఆ గదిలో కడుపులో మందు పొయ్యకుండా పని సాగదు కాబట్టి 'తాగుబోతు' అన్న పేరు మాత్రం అతనికి మిగులుతుంది.

బెంగాల్లో ఈ ఉద్యోగం పేరే ఒక కులం పేరు. మధుసూదన్ గుప్తా 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో శవాన్ని కోశాడని, అగ్రకుల హిందువు శవాన్ని ముట్టుకోవడమే ఒక విప్లవమని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. శవాన్ని ముట్టుకోవడం విప్లవం కాదు, కులవృత్తి అయినవాళ్ళ గురించి అవే పుస్తకాలు ఒక్క పేరా రాయవు. ఆ నగరంలోనే నీల్ రతన్ సర్కార్ మెడికల్ కాలేజీ 2021లో 'డోం' అని పిలిచే ఆరు సహాయకుల పోస్టులకు ప్రకటన ఇచ్చింది. దాదాపు 8,000 మంది దరఖాస్తు పెట్టారు, అందులో ఇంజనీర్లు, ఎం.ఎ.లు చదివినవాళ్ళు కూడా ఉన్నారని పత్రికలు వింతగా రాశాయి. నిరుద్యోగం గురించి ఆ వార్త చెప్పింది నిజమే. ఆసుపత్రి ఉద్యోగ ప్రకటనకు కులం పేరు ఎందుకుండాలన్న ప్రశ్న మాత్రం ఆ వింతలో కలిసిపోయింది.

ఇంకో సంగతి. ఆసుపత్రి వ్యర్థాలను నాలుగు రంగుల సంచుల్లో, డబ్బాల్లో వేరుచెయ్యాలని 2016 నియమాలు చెబుతాయి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. అనాథ శవం మీద శరీర నిర్మాణం నేర్చుకున్నట్టే, పేద రోగి మీద జబ్బులు నేర్చుకున్నట్టే, విద్యార్థి ఈ రంగులనూ పరీక్ష కోసం బట్టీపడతాడు. పడుకునే ముందు ఎవరో వేసిన సూది తప్పు సంచిలో ఉండి తన వేలికి గుచ్చుకుందని ఆలోచించేది స్వీపరమ్మ. ఈ పని చేసేవాళ్ళందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వెయ్యాలని ఆ నియమాల్లోనే ఉంది. కాంట్రాక్టు స్వీపరును ఆపి వేయించుకున్నావా అమ్మా అని అడిగి చూడండి. వైద్య విద్యలో దళితుడు లేడని ఎవరన్నారు? శవంగా ఉన్నాడు, రోగిగా ఉన్నాడు, ఊడ్చేవాడిగా ఉన్నాడు. విద్యార్థిగా రావడానికే రిజర్వేషన్ కావాల్సి వచ్చింది.

అనుభవం అంటే చివరకు స్పర్శ. ఈ దేశంలో స్పర్శ గురించి మాట్లాడేవాళ్ళు అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చేర్చిన ఒక ఉదంతాన్ని చదవాలి. 1929లో గాంధీ పత్రిక 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. కాఠియావాడ్‌లో ఒక దళిత బడిపంతులు భార్య కాన్పయి జబ్బుపడింది. హిందూ డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరిపెద్దలను బతిమాలి, రెండు రూపాయల ఫీజుకు హామీ దొరికాక, బాలింతను వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. తెచ్చారు. జ్వరం చూసే థర్మామీటరును డాక్టరు ఒక ముస్లింకు ఇచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. అదే దారిన తిరిగి వచ్చింది. దీపం వెలుతురులో గాజుగొట్టం చూసి న్యుమోనియా అన్నాడు. మళ్ళీ రాలేదు. ఆమె చచ్చిపోయింది. ఆ డాక్టరుకు చదువు తక్కువ కాలేదు. ఆసుపత్రి అనుభవమూ తక్కువ కాలేదు. ఎన్ని వందల గంటలు వార్డులో నిలబడినా ఆ థర్మామీటరు చేతులు మారకుండా ఉండేది కాదు. అనుభవం మనిషిని మారుస్తుందని వాదించేవాళ్ళు, ఎటువంటి అనుభవం అన్నది తేల్చకుండా మాట్లాడటంలో అర్థం లేదు.

మన వైద్య విద్యార్థులు చీపురు అసలు పట్టలేదని కూడా అనలేం. పట్టారు. 1990లో మండల్‌కు వ్యతిరేకంగా అగ్రకుల విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపారు. 2006లో వెనుకబడిన కులాల కోటాకు వ్యతిరేకంగా వైద్య విద్యార్థులే మళ్ళీ చీపుళ్ళు పట్టుకుని బయటికి వచ్చారు. మా సీట్లు పోతే మాకు ఈ పనే గతి అన్నది వాళ్ళ మాట. చీపురుకూ బూటుకూ పుట్టిన పిల్లలు ఆ దృశ్యాన్ని టీవీలో చూస్తున్నారన్న స్పృహ ఒక్కరికి కలగలేదు. డాక్టరు కాబోయేవాళ్ళు ఆసుపత్రి పనిని ఎట్లా చూస్తారో తెలుసుకోవడానికి దీన్ని మించిన ఇంటర్వ్యూ ఎవరూ చెయ్యలేరు.

ఇక ఇంటర్వ్యూ మాట వచ్చింది కనుక అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. అనుభవానికి మార్కులిస్తే ఆ మార్కులు ఎవరో ఒకరు వెయ్యాలి. ఎదురుగా కూచోబెట్టి, పేరడిగి, ఊరడిగి, నాన్న ఏం చేస్తాడని అడిగి వెయ్యాలి. ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చదివినవాళ్ళకు దీని అర్థం తెలుసు. ప్రాక్టికల్స్‌లో, వైవాలో తమ కులం ఆరా తీస్తారని, మార్కుల్లో తేడా చూపిస్తారని ఆ విద్యార్థులు చెప్పారు. రాతపరీక్షలో కాగితం వెనక కులం కొంతన్నా దాగుతుంది. నోటిపరీక్షలో దాగదు. యాస పట్టిస్తుంది, ఇంటిపేరు పట్టిస్తుంది, అవీ కాకపోతే తండ్రి పని పట్టిస్తుంది. లోపలికి వచ్చాక కూడా అనుభవాన్ని అందరికీ సమానంగా పంచరు. 2019 మే నెలలో ముంబయి నాయర్ ఆసుపత్రిలో ప్రాణం తీసుకున్న ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీని కాన్పులు చెయ్యనివ్వలేదని, ఆపరేషన్ గదికి దూరంగా ఉంచారని కుటుంబం ఆరోపించింది. పీజీ సీటు సంపాదించిన బిడ్డకే ఇట్లా జరిగిందని తల్లిదండ్రులు చెబుతుంటే, సీటు కూడా రాని పదిహేడేళ్ళ పిల్లకు ఎవడు ఆసుపత్రి తలుపు తీస్తాడు, ఎవడు ఆమె చేతికి సర్టిఫికెట్టు రాసిస్తాడు? రాసిచ్చే సర్టిఫికెట్టుకు ధర కట్టే దుకాణాలు మాత్రం మన కోచింగ్ సెంటర్ల పక్కనే ఒక్క ఏడాదిలో వెలుస్తాయి. అందులో మాకు ఏ అనుమానమూ లేదు.

అట్లాగని నీట్‌ను మేము నెత్తిన పెట్టుకోవడం లేదు. పన్నెండో తరగతిలో 1200కు 1176 మార్కులు తెచ్చుకున్న అరియలూరు జిల్లా దళిత కూలి కుటుంబం బిడ్డ అనిత, పాత పద్ధతిలో అయితే తమిళనాడులో సీటు ఖాయమైన పిల్ల, 2017 సెప్టెంబరు 1న ప్రాణం తీసుకుంది. ఒక అన్యాయపు పరీక్షను ఇంకా అన్యాయమైన ఇంటర్వ్యూతో బాగుచెయ్యలేమన్నదే మా మాట.

కనుక ప్రవేశంలో అనుభవానికి మార్కులు వద్దు. మరి ఆయా కూతురుకు తల్లి చాకిరీకి మార్కులిద్దామా? అదీ వద్దు. పనిని వారసత్వంగా లెక్కగట్టడమే కులం. మేము కోరేది సీటు వచ్చాక జరగవలసిన సంగతి. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో, చేరగానే నెలరోజుల పునాది కోర్సు పెట్టారు. తరువాతి మార్పుల్లో దాన్ని కుదించారు. అందులో ప్రథమ చికిత్స ఉంది, జాగ్రత్తలు ఉన్నాయి, ఆసుపత్రి వ్యర్థాల నిర్వహణ కూడా ఉంది. ఇప్పుడది చాలాచోట్ల హాల్లో తెర మీద చూపించే బొమ్మల పాఠం. దాన్ని వార్డులోకి తేవాలి. ప్రతి విద్యార్థి, ఏ కులమైనా, ఏ కోటాలో వచ్చినా, ఒక్క వారమైనా పొద్దున్న షిఫ్టులో ఆయాతో, స్వీపరుతో, మార్చురీ సిబ్బందితో కలిసి పనిచెయ్యాలి. వెనక నిలబడి చూడటం కాదు, వాళ్ళు చెప్పినట్టు చెయ్యడం. నేర్పినందుకు వాళ్ళకు కాలేజీ వేతనం ఇవ్వాలి, ఏజెన్సీ ద్వారా కాదు, నేరుగా.

దీని మీద అభ్యంతరం మనవాళ్ళ నుంచే వస్తుంది, అది గట్టిదే. మా అమ్మ చీపురు వదిలించుకోవడానికి నన్ను డాక్టరు చదివిస్తే, మీరు కాలేజీలో మళ్ళీ నా చేతికి చీపురిస్తారా అని దళిత విద్యార్థి అడుగుతుంది. అడగాలి. ఆ వారం రోజుల్లో అగ్రకుల పిల్లలు వైద్య కారణాలు చూపించి తప్పుకుని, చివరకు మన పిల్లలే మిగులుతారన్న భయం కూడా ఉత్తది కాదు. మినహాయింపు ఎవరికీ ఉండకూడదన్నది మొదటి షరతు. బకెట్టు ఎత్తిన పిల్లను 'నీకిది అలవాటేగా' అన్నవాడి మీద అత్యాచార నిరోధక చట్టం కింద ఫిర్యాదు వెళ్ళాలన్నది రెండోది. ఈ రెండూ అమలు కాని కాలేజీలో ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. ఈ అభ్యంతరానికి మా దగ్గర పూర్తి సమాధానం ఉందని చెప్పం. పాఠకులు, ముఖ్యంగా మెడికల్ కాలేజీల్లో చదువుతున్నవాళ్ళు, దీని మీద రాయాలి.

నర్సుల సంగతి వేరు, దానికి మాత్రం ఖచ్చితమైన డిమాండు పెట్టొచ్చు. ఇంగ్లండులో డిగ్రీ అయినవాళ్ళు, వాళ్ళలో నర్సులు కూడా, నాలుగేళ్ళలో డాక్టరు కాగల దారి ఒకటుంది. మన దేశంలో నీట్ రాయడానికి గరిష్ఠ వయసు పరిమితి 2022లో ఎత్తేశారు. మంచిదే. కానీ పదిహేనేళ్ళు రాత్రి డ్యూటీలు చేసి, వందల కాన్పులు చూసిన స్టాఫ్ నర్సు డాక్టరు కావాలనుకుంటే, పదిహేడేళ్ళ పిల్లల మధ్య కూచుని పన్నెండో తరగతి ఫిజిక్సు లెక్కలే చెయ్యాలి. ఆమె పదిహేనేళ్ళకు ఒక్క మార్కు లేదు, ఒక్క సెమిస్టరు తగ్గదు. అనుభవం కావాలని పత్రికల్లో రాసేవాళ్ళు ఈమె గురించి ఇంతవరకూ ఒక్క వాక్యం రాయగా మేము చూడలేదు. ఇంటర్వ్యూ లేకుండానే, రాతపరీక్షతోనే, పనిచేస్తున్న నర్సులకు, టెక్నీషియన్లకు ప్రభుత్వ కాలేజీల్లో కొన్ని సీట్లు, రిజర్వేషన్ రోస్టరు పాటిస్తూ, కేటాయించవచ్చు. తమిళనాడు 2020లో ప్రభుత్వ బడి పిల్లలకు 7.5 శాతం కేటాయించగలిగింది గదా.

విద్యార్థులకు ఇప్పుడు లాగ్‌బుక్ అని ఒకటి ఉంటుంది. ఏ పని చూశారు, ఏ పని చేశారు అని రాసి, ఒక్కో గడి కింద ప్రొఫెసరు చేత సంతకం పెట్టించుకుంటారు. సూది సరిగ్గా పారేయడం, రక్తం ఒలికినప్పుడు శుభ్రం చెయ్యడం, కదలలేని రోగిని పక్కకు తిప్పడం అన్న గడుల కింద ప్రొఫెసరు సంతకం ఎందుకుండాలి? ఆయన ఆ పని చేసి ఎన్నేళ్ళయింది? అక్కడ వార్డు ఆయా సంతకం ఉండాలి. సంతకం రాకపోతే వేలిముద్ర.